వీధి చెట్లు నాటేందుకు స్వచ్ఛందంగా వచ్చేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లోని మా కాలనీ వీధుల వెంట మొక్కలు నాటి, అవి వేళ్లూనుకునేదాకా చూసుకునే ఇరుగుపొరుగువారి బృందం మాది. ఏటా జూన్‌లో కొత్తవారు చేరుతుంటారు, ఇంచుమించు అవే సందేహాలు అడుగుతుంటారు. వాటికి జవాబులను ఇక్కడ ఒకచోట రాసి పెట్టాం. ఇతర పట్టణాలవారికి కూడా ఇవి చాలావరకు పనికివస్తాయి గాని, నేల, వాన, కాలిబాట వెడల్పు ఊరికొక తీరుగా ఉంటాయి కనుక వాటిని చూసుకొని మార్చుకోవాలి.

ఈ పనికి ఎవరు రావచ్చు? అనుభవం ఉండాలా?

ఎవరైనా రావచ్చు. గడ్డపార పట్టడం ఇప్పటిదాకా తెలియనివారే మాలో ఎక్కువమంది. గుంతలు తవ్వడానికి బలం ఉన్నవారు కావాలి గాని, మిగిలిన పనులకు, అంటే మట్టి కలపడం, పాదు చేయడం, ఊత కర్ర కట్టడం, ఏ మొక్క ఎక్కడ ఉందో పుస్తకంలో రాసుకోవడం వంటివాటికి, ఓపిక ఉంటే చాలు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలు పెద్దవారితో కలిసి రావాలని మాత్రం నియమం పెట్టుకున్నాం. రోడ్డు పక్కన పని కాబట్టి ఈ జాగ్రత్త తప్పదు.

నాటే రోజున నేను ఊళ్లో ఉండను. అయినా చేరవచ్చా?

మాకు నిజంగా కావలసింది మీవంటివారే. నాటే ఆదివారం నాడు మనుషులకు కొదవ ఉండదు. ఫోటోలు, టీ, సందడి అన్నీ ఉంటాయి. అదే మార్చి నెల మధ్యాహ్నం ఎండలో నీళ్ల క్యాను మోసేవారిని వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. అశోకుడు బాటలకు ఇరువైపులా చెట్లు నాటించాడని అందరం చదువుకున్నాం గాని, వాటికి నీళ్లు ఎవరు పోశారో పాఠంలో చెప్పలేదు. నాటడం ఒక పూట పని, పెంచడం మూడు వేసవుల పని. అందుకే మా బృందంలో చేరేవారిని ఎన్ని మొక్కలు నాటుతారని అడగం, ఏ రెండు మొక్కలకు నీళ్లు పోసే బాధ్యత తీసుకుంటారని అడుగుతాం. నీళ్లు పోసే మనిషి ఖరారు కాని చోట గుంత తవ్వకూడదన్నది మేము మొదటి ఏడాది ఒక వరుస మొక్కలన్నీ ఎండబెట్టుకొని నేర్చుకున్న నియమం.

ఏ నెలలో నాటుతారు?

జూన్ ఆఖరు నుండి ఆగస్టు లోపల. మృగశిర కార్తెలో తొలకరి పడగానే చాలామందికి తొందర పుడుతుంది గాని, మొదటి వాన తరువాత పది పదిహేను రోజులు వర్షం ముఖం చాటేయడం హైదరాబాద్‌లో మామూలే. ఆరుద్ర కార్తె నడుస్తుండగా, నేల జానెడు లోతు తడిసిన తరువాత నాటితే, సెప్టెంబరు వరకు పడే వానలు వేళ్లు పట్టుకోవడానికి సాయపడతాయి. దేశమంతటా జూలైలో వనమహోత్సవం జరపడం కూడా ఇందుకే. అప్పటి కేంద్ర వ్యవసాయ మంత్రి కె.ఎం. మున్షీ 1950లో దానిని ప్రారంభించారు. గుంతలు మాత్రం మే నెలలోనే తవ్వి ఎండకు వదిలేయాలి. చలికాలంలో నాటవద్దా అని కొందరు అడుగుతారు. నాటవచ్చు గాని, వేళ్లు లోతుకు దిగకముందే వేసవి వచ్చి పడుతుంది.

రోడ్డు పక్కన నాటడానికి అనుమతి కావాలా?

కావాలి. కాలిబాట మన ఇంటి ముందున్నా అది నగరపాలక సంస్థ స్థలం. ఏ వీధిలో, ఎన్ని, ఏ జాతి మొక్కలు నాటదలచామో ఒక కాగితం మీద గీసి, సర్కిల్ కార్యాలయంలో అర్బన్ బయోడైవర్సిటీ విభాగంవారికి ఇస్తాం. వారు వచ్చి చూసి ఒప్పుకుంటే, చాలాసార్లు మొక్కలు కూడా వారి నర్సరీ నుండే దొరుకుతాయి. రాష్ట్ర ప్రభుత్వం మొక్కలు నాటించే హరితహారం కార్యక్రమం 2015 జూలైలో మొదలైనప్పటి నుండి నగరంలో నర్సరీల సంఖ్య పెరిగింది. ఇప్పుడు అదే పని వన మహోత్సవం పేరుతో సాగుతోంది. 2020లో జీహెచ్‌ఎంసీ చట్టానికి చేసిన సవరణ ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలి. ఈ సంగతి తెలిసి ఉంటే, ‘నిధులు లేవు’ అనే జవాబు ఎదురైనప్పుడు మర్యాదగా గుర్తు చేయవచ్చు.

అనుమతి కేవలం లాంఛనం కాదు. కాలిబాట కింద మంచినీటి గొట్టం, డ్రైనేజీ, కరెంటు కేబులు, కొన్ని వీధుల్లో గ్యాస్ లైను కూడా ఉంటాయి. ఏది ఎక్కడ ఉందో తెలియకుండా గడ్డపార దింపితే ప్రాణాపాయం. గుంతలో ఎర్ర ఇటుకల వరుసో, ప్లాస్టిక్ హెచ్చరిక పట్టీయో కనిపిస్తే అక్కడితో ఆగిపోవాలి.

మా ఇంటి ముందు నాకు నచ్చిన చెట్టు నాటించుకోవచ్చా?

స్థలానికి తగినదైతే సంతోషంగా నాటుతాం. నచ్చిన చెట్టుకు, తగిన చెట్టుకు తేడా వచ్చినప్పుడు మాత్రం స్థలం మాటే చెల్లుతుంది.

అయితే ఏ చెట్లు తగినవి?

ముందుగా తల పైకెత్తి చూడాలి. పైన కరెంటు తీగలు ఉన్న వైపు ఎత్తు పెరగని దేవకాంచనం, పారిజాతం వంటివి నాటుతాం. తీగలు లేని వైపు, కాలిబాట వెడల్పుగా ఉన్నచోట పెద్ద నీడనిచ్చే చెట్లకు చోటిస్తాం. అంటే ఒకే వీధిలో రెండు వైపులా రెండు రకాల వరుసలు రావచ్చు. చూడటానికి సమంగా లేదని కొందరు అంటారు గాని, ఏటా తల నరికించుకునే చెట్ల వరుస కంటే అది నయం.

మా అనుభవంలో హైదరాబాద్ వీధికి అన్నిటికన్నా నమ్మకమైనది కానుగ. పాత ఆకు రాల్చిన కొద్ది రోజులకే లేతాకుపచ్చ చివుళ్లతో నిండి, సరిగ్గా మనకు నీడ కావలసిన ఏప్రిల్, మే నెలల్లో చిక్కటి నీడ ఇస్తుంది. నీటి ఎద్దడిని తట్టుకుంటుంది, నాలుగు రోజులు నీరు నిలిచినా తట్టుకుంటుంది. దాని ఆకుల మీద బొబ్బలలాంటి బుడిపెలు వస్తే కంగారుపడవద్దు, అవి పురుగుల పని, చెట్టుకు వాటివల్ల పెద్దగా ముప్పు లేదు.

వేప గురించి వేరే చెప్పనవసరం లేదు, కాకపోతే దానికి ఈమధ్య వచ్చిన తెగులు గురించి కింద రాశాం. పొగడ నెమ్మదిగా పెరుగుతుంది, ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది, కొమ్మలు విరిగి పడటం అరుదు. ఇరుకు వీధికి, ఓపిక ఉన్న ఇంటికి అది తగినది. రేల చెట్టు ఎండాకాలంలో పసుపు పూల గుత్తులతో కనువిందు చేస్తుంది గాని, ఆ సమయంలోనే ఆకు రాలుస్తుంది కనుక నీడ కోసం నాటేవారు దానిని నమ్ముకోకూడదు. నల్లరేగడి ఉండి నీరు ఇంకని చోట తెల్లమద్ది బాగా నిలబడుతుంది. తురాయి, పచ్చ తురాయి చెట్లు అందంగా ఉంటాయి, త్వరగా పెరుగుతాయి. అయితే వాటి కొమ్మలు పెళుసు, వేళ్లు పైపైనే ఉంటాయి. ఏప్రిల్, మే నెలల గాలివానకు కార్ల మీద విరిగి పడేవాటిలో అవి తరచుగా కనిపిస్తాయి. మేము వాటిని పార్కులకే పరిమితం చేశాం.

మర్రి, రావి, జువ్వి పక్షులకు పెట్టనికోటలు. అయినా ఎనిమిది అడుగుల కాలిబాట వాటికి చాలదు. చేవెళ్ల దారిలో దాదాపు 900 మర్రి చెట్లు ఉన్నాయి. బీజాపూర్ రహదారి విస్తరణకు వాటిని కొట్టవద్దని జనం ఏళ్ల తరబడి పట్టుబట్టారు. ఆ మర్రుల కింద ఒకసారి నిలబడి చూస్తే, వాటికి ఎంత చోటు కావాలో అర్థమవుతుంది.

కోనోకార్పస్ ఎందుకు వద్దంటున్నారు? డివైడర్ల మీద అంత పచ్చగా ఉంటుంది కదా.

పచ్చగా ఉండటమే దాని ఆకర్షణ. నీళ్లు లేకపోయినా పెరుగుతుంది, పశువులు ముట్టవు, కత్తిరించినట్టు నిలబడుతుంది. అందుకే ఒక దశలో తెలుగు నేల మీద ప్రతి పట్టణంలోనూ విరివిగా నాటారు. అయితే అది మన నేల చెట్టు కాదు, పక్షులకు, తేనెటీగలకు దాని వల్ల ఒరిగేది తక్కువ, వేళ్లు గొట్టాలలోకి, కేబుళ్లలోకి చొరబడతాయన్న ఫిర్యాదులు అనేకం. పుప్పొడి వల్ల శ్వాస సమస్యలు వస్తాయన్న విషయంలో మాత్రం నిపుణుల మధ్య ఏకాభిప్రాయం లేదు. గుజరాత్ ప్రభుత్వం 2023లో దీనిని నాటడాన్ని నిషేధించింది. ఇప్పటికే ఉన్నవాటిని రాత్రికి రాత్రి నరికేయాలని మేము అనం. పక్కన మంచి మొక్క నాటి, అది ఎదిగిన తరువాత దీనిని తొలగించమని కార్యాలయంవారిని అడుగుతాం.

ఇలాంటి పాఠమే విశాఖపట్నంలో ఏడాకుల పాల నేర్పింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను నగరంలోని చెట్లను పెకలించివేసిన తరువాత, త్వరగా పెరుగుతుందని ఆ మొక్కలను పెద్ద సంఖ్యలో నాటారు. అవి పూతకు వచ్చాక, శీతాకాలపు రాత్రుల్లో ఆ ఘాటైన వాసన భరించలేకపోతున్నామని ఉబ్బసం ఉన్నవారు మొరపెట్టుకున్నారు. ఒక్కటుంటే పరిమళం, వీధంతా అదే ఉంటే బాధ. అందుకే ఒకే జాతితో వీధి నింపవద్దని మేము గట్టిగా చెబుతాం.

పండ్ల చెట్లు నాటకూడదా?

నేరేడు మంచి నీడ ఇస్తుంది గాని, జూన్‌లో రాలిన పండ్లకు కాలిబాట జారుతుంది, బండ్ల మీద మరకలు పడతాయి. మామిడికి రాళ్ల దెబ్బలు తప్పవు. ఉసిరి, సీతాఫలం ప్రహరీ లోపల పెంచుకోదగినవి. చింత మాత్రం మాకు ఇష్టమైన చెట్టు. గాలికి లొంగదు, వందేళ్లు నిలుస్తుంది. 1908 మూసీ వరదలో దాదాపు 150 మంది ఒక చింతచెట్టు ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారు, అది ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నేటికీ ఉంది. కాబట్టి వెడల్పైన వీధి చివర ఒక చింతను తప్పక నాటుతాం.

గుంత ఎంత ఉండాలి, ఎలా నాటాలి?

పొడవు, వెడల్పు, లోతు మూడేసి అడుగులు. నగరపు కాలిబాట కింద ఉండేది నిజమైన మట్టి కాదు, ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు, మొరం కలగలిసి ఉంటాయి. దానిని ఏరివేసి, రెండు వంతుల ఎర్రమట్టికి ఒక వంతు బాగా మాగిన పశువుల ఎరువు, చెదలు రాకుండా రెండు గుప్పెళ్ల వేపపిండి కలిపి నింపాలి. పచ్చి పేడ వేస్తే చెదలను పిలిచి విందు పెట్టినట్టే. నింపే ముందు గుంతలో బకెట్ల కొద్దీ నీళ్లు పోసి చూడాలి. మరునాటికి కూడా నీరు ఇంకకపోతే ఆ చోటికి తెల్లమద్ది గాని, కానుగ గాని తప్ప వేరొకటి పెట్టకూడదు.

మొక్క ఆరడుగులకు తగ్గకుండా, బొటనవేలంత లావు కాండంతో ఉండాలి. చిన్న మొక్క అడవిలో బతుకుతుంది గాని, వీధిలో స్కూటరు స్టాండు కింద నలిగిపోతుంది. నల్ల కవరును పూర్తిగా కోసి తీసివేయాలి. వింతగా అనిపించవచ్చు గాని, కవరుతో సహా పాతేసిన మొక్కలను మేము చాలాసార్లు తవ్వి తీశాం. కవరులో చాలాకాలం ఉన్న మొక్క వేళ్లు గుండ్రంగా చుట్టుకొని ఉంటే, వాటిని విడదీయాలి, విడిపోనివాటిని కత్తిరించాలి. లేకపోతే ఆ చుట్టలే పదేళ్ల తరువాత చెట్టు మెడకు ఉరి బిగిస్తాయి. కవరులో మట్టి ఎంతవరకు ఉందో గుంతలోనూ అంతవరకే ఉండాలి, కాండాన్ని పూడ్చకూడదు. చుట్టూ మట్టిని కాలితో మెల్లగా అదిమి, రెండడుగుల వెడల్పున పాదు చేసి, వెంటనే నిండుగా నీళ్లు పోయాలి. ఊత కర్రకు కట్టేటప్పుడు ప్లాస్టిక్ తాడు కాకుండా పాత గుడ్డ పీలికతో, ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టాలి. చెట్టుకు చెట్టుకు మధ్య కనీసం ఇరవై అడుగుల దూరం ఉండాలి.

మియావాకీ పద్ధతిలో దగ్గరదగ్గరగా నాటితే త్వరగా పెరుగుతాయి కదా?

చదరపు మీటరుకు మూడు నాలుగు మొక్కలు నాటే ఆ పద్ధతి ఖాళీ స్థలంలో చిట్టడవి పెంచడానికి ఉద్దేశించినది. మనుషులు నడవవలసిన కాలిబాట మీద దానికి పని లేదు.

నీళ్లు ఎంత పోయాలి? ఎంతకాలం?

ఈ జవాబును దయచేసి రెండుసార్లు చదవండి. నాటిన మొదటి వారం వాన లేకపోతే రోజూ, ఆ తరువాత వానలు ఆగేదాకా అవసరాన్ని బట్టి పోస్తే చాలు. అక్టోబరు నుండి వారానికి రెండుసార్లు, ఫిబ్రవరి మధ్య నుండి మళ్లీ వానలు పడేదాకా వారానికి మూడుసార్లు, ప్రతిసారీ పదిహేను నుండి ఇరవై లీటర్లు పోయాలి. ప్రతి ఇంట్లో ఉండే ఇరవై లీటర్ల నీళ్ల క్యానే మా కొలత. రెండో వేసవిలో వారానికి ఒక క్యాను, మూడో వేసవిలో పది రోజులకు ఒక క్యాను పోస్తే సరిపోతుంది. ఆ తరువాత చెట్టు తన నీళ్లు తానే వెతుక్కుంటుంది.

రోజూ ఒక చెంబెడు పోయడం కన్నా మూడు రోజులకొకసారి క్యాను నిండా పోయడం మేలు. చెంబెడు నీళ్లు పైమట్టిని తడిపి ఆవిరైపోతాయి, వేళ్లు కూడా ఆ తడి కోసం పైకే వస్తాయి, రోహిణి కార్తె ఎండకు అవే ముందుగా మాడిపోతాయి. పాదులో రాలిన ఆకులను మూడు అంగుళాల మందాన కప్పి ఉంచితే తడి ఎక్కువ రోజులు నిలుస్తుంది. ఆ ఆకులు కాండానికి ఆనకుండా చూడాలి. తెల్లవారుజామున గాని, ఎండ దిగాక గాని పోయడం మంచిది.

వేసవిలో మాకే ట్యాంకరు నీళ్లు. మొక్కకు ఎక్కడి నుండి తేవాలి?

ఏసీ నుండి కారే నీరు మొక్కకు మంచిదే. కూరగాయలు, బియ్యం కడిగిన నీరు కూడా పనికివస్తుంది. సబ్బు నీళ్లు వద్దు. నీటి శుద్ధి యంత్రం వదిలేసే నీటిలో లవణాలు ఎక్కువ కనుక దానిని ఒక్కటే రోజూ పోయకూడదు, మంచినీటితో మార్చి మార్చి పోయవచ్చు. ఊరికి వెళ్లేటప్పుడు పాత క్యానుకు అడుగున సన్నటి రంధ్రం చేసి పాదులో పెడితే, బొట్టుబొట్టుగా దిగుతూ ఒక రోజంతా తడి ఇస్తుంది. అంతకన్నా పాత పద్ధతి మట్టికుండను మెడవరకు పాతి నీళ్లు నింపి మూత పెట్టడం. కుండ గోడల నుండి వేళ్లకు తడి అందుతుంది.

ట్రీ గార్డు ఎంతకాలం ఉంచాలి?

మేకలు, ఆవులు తిరిగే వీధుల్లో గార్డు లేకుండా మొక్క వారం కూడా నిలవదు. కాండం గార్డులో సగానికి వచ్చే సమయానికి, అంటే సుమారు మూడు నాలుగేళ్లకు, దానిని తప్పక తీసివేయాలి. పెట్టడానికి దాతలు దొరుకుతారు, తీయడానికి ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఇనుప చువ్వలు కాండంలోకి దిగబడిపోయిన చెట్లు నగరంలో ఎన్నో ఉన్నాయి. వెదురు గార్డు చవక, దానంతట అదే శిథిలమవుతుంది కనుక మాకు అదే ఇష్టం.

మా వీధిలోని వేప కొమ్మల చివర్లు ఎండిపోతున్నాయి. చెట్టు చచ్చిపోయిందా?

చాలావరకు చచ్చిపోలేదు. 2021 నుండి తెలంగాణలో ఎన్నో ప్రాంతాల్లో వేపచెట్లకు ఈ ఎండు తెగులు కనిపిస్తోంది. ఒక రకం శిలీంధ్రం, దానికి తోడు టీ దోమ అని పిలిచే రసం పీల్చే పురుగు దీనికి కారణాలు. వానాకాలం చివర మొదలై చలికాలంలో ముదురుతుంది. చెట్టంతా మాడినట్టు కనిపించినా వేసవి రాగానే మళ్లీ చిగురించేవే ఎక్కువ. చిన్న మొక్కలైతే ఎండిన కొనలను కింది పచ్చి భాగం దాకా కత్తిరించి కాల్చివేయండి. మందు చల్లించదలిస్తే వ్యవసాయ అధికారి సలహా తీసుకోండి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఎండిందనుకొని కొట్టివేయకండి.

ఇంటి ముందు చెట్టు వాస్తుకు మంచిది కాదంటున్నారు.

వాదనకు దిగం. గేటుకు ఎదురుగా కాకుండా రెండిళ్ల సరిహద్దు గోడ దగ్గర నాటుతాం. ఇంతవరకు దానికి అభ్యంతరం చెప్పినవారు లేరు.

దుకాణదారు తన బోర్డు కనబడదని ఒప్పుకోవడం లేదు. ఏం చేయాలి?

ఆయన బాధలో న్యాయం ఉంది. రెండు దుకాణాల మధ్య గోడకు సూటిగా నాటి, కింది కొమ్మలను పది అడుగుల ఎత్తు దాకా ఏటా కొద్దికొద్దిగా తీసేస్తామని మాట ఇస్తే చాలామంది ఒప్పుకుంటారు. మొక్కై వంగనిది మానై వంగదంటారు కదా, ఆకారం దిద్దడం కూడా మొదటి నాలుగేళ్లలోనే జరగాలి. ఒకసారి ఒప్పుకున్న దుకాణదారుకు మించిన కాపరి దొరకరు. ఉదయం నుండి రాత్రి దాకా అక్కడే ఉంటారు, నీళ్లూ పోస్తారు, బండి ఆనించేవారిని వారించే పనీ ఆయనదే. అలాగని బలవంతంగా నాటితే, ఒక రాత్రి వేడినీళ్లో యాసిడో పోస్తారు, మొక్క ఎందుకు పోయిందో మనకు తెలియనే తెలియదు.

వేళ్లు ప్రహరీని పగలగొడతాయా?

జాతి సరైనదై, గోడకు నాలుగైదు అడుగుల దూరంలో నాటి, లోతుగా నీళ్లు పోస్తే ఆ భయం తక్కువ. కారుతున్న గొట్టం ఉంటే మాత్రం ఏ చెట్టు వేరైనా అటే వెళుతుంది. ముందు గొట్టం బాగు చేయించాలి.

చెట్టు మొదట్లో సిమెంటు పోసేశారు. ఏమైనా చేయగలమా?

చేయాలి. టైల్సు వేసే కాంట్రాక్టరు కాండం అంచు దాకా కాంక్రీటు పోయడం మనకు అలవాటైన దృశ్యమే. అప్పుడు నీరు, గాలి వేళ్లకు అందవు, వేళ్లు బలహీనపడతాయి, ఐదారేళ్లకు ఒక గాలివానకు చెట్టు కూలుతుంది, నింద చెట్టు మీద పడుతుంది. ఢిల్లీలోని చెట్ల విషయంలో జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశంలో, కాండం చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తొలగించాలని చెప్పింది. అర్జీ రాసేటప్పుడు ఆ ఆదేశాన్ని ప్రస్తావించండి. సుత్తి, ఉలి తీసుకొని మనమే పగలగొడితే వేళ్లు దెబ్బతినవచ్చు కనుక, పని తెలిసిన మనిషి దగ్గరుండగానే చేయించండి.

కరెంటు సిబ్బంది వచ్చి చెట్టును మోడు చేసి వెళ్లారు. అడ్డుకోవచ్చా?

తీగలకు తగిలే కొమ్మలు తీయడం వారి బాధ్యత, అది మన భద్రత కోసమే. తీగకు దూరంగా ఉన్న వైపు కూడా నరుకుతుంటే మాత్రం, తీగ వైపు కొమ్మలు చాలునని మర్యాదగా చెప్పవచ్చు, వేసవి మొదట్లోనే వారితో మాట్లాడి ఉంచితే ఇంకా మంచిది. మన బృందంవారు ఎవరూ తీగల దగ్గర కత్తి పట్టకూడదు, నిచ్చెన వేయకూడదు. ఈ నియమానికి మినహాయింపు లేదు.

ఎవరైనా చెట్టును కొట్టేస్తుంటే?

నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమల్లో ఉంది. దాని ప్రకారం చెట్టు కొట్టాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. అనుమతి పత్రం చూపమని అడగండి, ఫోటో తీయండి, అటవీ శాఖకు, నగరపాలక సంస్థకు వెంటనే ఫిర్యాదు చేయండి. గొడవకు దిగకండి.

నేను చూసుకుంటున్న మొక్క చనిపోతే మాట పడాలా?

పడనవసరం లేదు. రాష్ట్ర పురపాలక చట్టమే నాటినవాటిలో 85 శాతం బతికితే చాలంటోంది, అంటే కొన్ని పోతాయని చట్టానికీ తెలుసు. అయితే పోయిన సంగతి దాచకుండా చెప్పండి. వేళ్లు తవ్వి చూసి, చెదలా, నీరు నిలవడమా, నీరు చాలకపోవడమా అన్నది పుస్తకంలో రాసుకుంటాం. మరుసటి ఆరుద్రకు అదే గుంతలో, అవసరమైతే వేరే జాతి మొక్క పెడతాం. క్యాను మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.